నూరు గజాల చీకటి

ప్లాటినం తీగ లేదు మా బడికి.
చీపురుపుల్ల నానబెట్టి, ఉప్పులో అద్ది
మంటలో పెడతాను.
చీపురుపల్లిలో చీపురుపుల్లేనా మేడమ్ అని
ప్రతి ఏడూ ఎవరో ఒకరు నవ్వుతారు.

ఆకుపచ్చ వస్తే బేరియం.
ఎరుపు వస్తే
మా తాత.

మతాబుల పైడన్నంటే నెల్లిమర్ల దాకా తెలుసు.
రామతీర్థం కల్యాణానికి జువ్వలు ఆయనవే.
నలభై రెండులో, మందంతా యుద్ధానికే అంది సర్కారు.
రోలు బోర్లించి కూర్చున్న మనిషిని
రైలెక్కించి పూనా పక్క ఫ్యాక్టరీలో దింపింది.

"అక్కడ ఏటి సేసీవోడివి తాతా?"
"సిన్న జువ్వలమ్మా. నా సిటికినేలంత."

తూటా ముక్కులో సీసం, తోకలో మందు:
మెగ్నీషియం పొడి, స్ట్రాన్షియం, కొంచెం లక్క.
మూడు విడతలు పోసి మూడుసార్లు నొక్కాలి.
వదులైతే గొట్టంలోనే భగ్గుమంటుంది,
బిగువైతే అసలంటుకోదు.
సఖారాం అనే కుర్రాడికి రెండు వేళ్లు పోయాయని
చెప్పి, తన వేళ్లు లెక్కపెట్టుకునేవాడు.

టాంకులో కూర్చున్నవాడికి లోకమంటే
అరచేతి వెడల్పు అద్దం.
బయటంతా దుమ్ము.
తను కొట్టింది ఎక్కడ పడిందో తనకే తెలీదు.
అందుకని బెల్టులో నాలుగు మామూలువి,
ఐదోది తాత చేసింది.
ఎర్రగా గీత గీసుకుంటూ పోతుంది.
గీత వెంట చూపు, చూపు వెంట మిగతా నాలుగు.

ఎడారి నుంచి ఫిర్యాదొచ్చింది,
మడతల్లో ఇసకతో సహా:
మీ తూటా గొట్టం మూతి దగ్గరే వెలుగుతోంది.
మా కళ్లు చెదురుతున్నాయి.
అవతలివాడు గీత పట్టుకుని
వెనక్కి మా దగ్గరికే వస్తున్నాడు.

ఫోర్మన్ భిడే అడిగాడట:
నూరు గజాలు చీకట్లో పోయి, అప్పుడు వెలగాలి, కుదురుతుందా?
తాతకి నవ్వొచ్చిందట.
జువ్వ ఎప్పుడైనా చేతిలోనే పూస్తుందా?

పై పొరలో మందకొడి మందు పెట్టాడు.
మండుతుంది, మండినట్టు కనపడదు.
మెగ్నీషియానికి వాన చెమ్మ తగలకుండా
అవిసె నూనె పట్టించాడు,
ఇనప రజనుకి ఆముదం రాసిన చేతుల్తోనే.
ఇరవై గజాలకొకటి సున్నం కొట్టిన గుంజలు.
రెండో గుంజ దగ్గరే వెలిగిందా, పారెయ్.
మూడో గుంజ, పారెయ్.
తొమ్మిది నెలలు.
ఐదో గుంజ దాటాక వెలిగిన రాత్రి
భిడే తన కప్పులో టీ సగం
తాత చేతికిచ్చాడు. అదే కప్పు.
ఆ మాట చెప్పేటప్పుడు
తాత గొంతు కొంచెం పెద్దదయ్యేది.

యుద్ధం అయిపోయింది. గంటస్తంభం దగ్గర కొట్టు తెరిచాడు.
గరివిడి నుంచి కింతలి తవుడొచ్చాడు,
బర్మాలో టాంకు తుపాకీ పట్టినవాడు.
జువ్వలు కొనలేదు. బల్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

"ఆ ఎర్రవి నువ్వు సేసినావంట గదా.
నాలుగు ఎటెల్లిపోయాయో నానెరగను.
ఆ ఐదోది మాత్రం
వెదురు గుడిసెలోకి ఎల్లడం సూసినాను.
ఎందుకలా కనపడీలాగ సేసినావు మావా?"

తాత ఏమన్నాడో నాన్నమ్మకి కూడా తెలీదు.
తవుడికి మజ్జిగిచ్చిందట, తాగలేదట.

ఆ తరవాత పైడన్న జువ్వల్లో
తెలుపుంది, పచ్చుంది, పసుపుంది.
అమ్మవారి పండక్కి ఎరుపు కావాలని వచ్చినవాళ్లకి
సరుకు దొరకట్లేదనేవాడు.

ఆయన పోయాక మంచం కింద డబ్బా దొరికింది,
మూత చుట్టూ లక్కతో సీలు.
తెల్లటి పొడి. ఉప్పనుకుని అమ్మ పారబోయబోయింది.

బడికి తెచ్చుకున్నాను.
చిటికెడు పుల్లకద్ది, కిటికీలు మూయించి,
చూడండర్రా అంటాను.
ఎర్రటి నాలుక లేస్తుంది. పిల్లలు ఓయ్ అంటారు.
దీన్ని దేనికి వాడతారు మేడమ్?
పుస్తకంలో ఉన్నదే చెబుతాను: బాణసంచాకి.

ముప్పై ఏళ్లయింది. వచ్చే నెల రిటైరవుతున్నాను.
డబ్బాలో ఇంకా సగముంది.